ఉడుకునీళ్ల మీద దొరసాని పాట

నా గొంతు మొదటినుంచీ గరుకే. చిన్నప్పుడు శెనక్కాయలు పెరికే చేలో నేను పాట ఎత్తుకుంటే, చేను ఆ చివర ఉన్న ఆడవాళ్లు కూడా తలలు ఎత్తి చూసేవాళ్లు. "ఏందే నీ గొంతు! రాగులు ఇసుర్రాయిలో పోసి తిప్పినట్టుండాది" అని మా అవ్వ నవ్వేది. నవ్వి, మళ్లీ పాడమనేది.

మా ఊరు పెనుకొండ కొండ కనిపించేంత దూరంలో ఉంటుంది. చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్లయినా, పెళ్లికూతురికి నలుగు పెట్టేటప్పుడు పాటకు నన్నే పిలిచేవాళ్లు. తియ్యటి గొంతుల వాళ్లు లేక కాదు. ఆ గోలలో, పిల్లల ఏడుపుల్లో, మేళగాళ్ల సందట్లో తియ్యటి గొంతు మునిగిపోతుంది, నాది మునగదు. నాకు చదువు రాదు. ఒకసారి విన్న పాట మాత్రం మర్చిపోను. మధ్యలో మాట ఎవరికైనా అందకపోతే నేనే ఒక మాట కట్టి పెట్టేదాన్ని. అది నేను కట్టిన మాట అని ఎవరికీ తెలిసేది కాదు, నేనూ చెప్పేదాన్ని కాదు.

నన్ను హిందూపురంలో ఇచ్చారు. మా ఆయన పట్టుగూళ్ల మార్కెట్లో మూటలు మోసేవాడు. ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. అంతకన్నా ఆ సంగతి చెప్పడానికి నాకు ఏమీ లేదు, ఉన్నా చెప్పలేను.

ఆ మరుసటేడు తాడిమర్రిలో మా అక్క కూతురి పెళ్లి. నేను తలుపు వెనకాల నిలబడి ఉన్నాను, మాలాంటి వాళ్లు నిలబడే చోట. పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టారు. పాట మొదలుపెట్టిన ఆడవాళ్లు రెండో చరణం దగ్గర తడబడ్డారు. అలవాటున నా నోట్లోంచి ఆ చరణం వచ్చేసింది. ఒక్క ముక్కే. మా పిన్నమ్మ పీట దగ్గరినుంచి లేచి వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. కోపంగా కాదు. పసిబిడ్డ మూతి తుడిచినంత మెల్లగా. "నువ్వు గాదు లేమ్మా" అంది. ఆమె చేతికి నలుగు పసుపు ఉంది. ఆ చేదు నా పెదాల మీద అట్లాగే నిలిచింది.

ఆమె మీద నాకు కోపం లేదు. నేను ఆమె స్థానంలో ఉంటే నేనూ అట్లాగే చేసి ఉండేదాన్ని. కానీ ఆ రోజునుంచి, పాట గొంతులోకి వస్తే చాలు, నా చెయ్యి దానంతట అదే నోటి మీదికి పోయేది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా సరే.

హిందూపురంలో ఒక సాయిబు నడిపే రీలింగ్ షెడ్డులో పనికి కుదిరాను. పట్టుగూళ్లను ఉడుకునీళ్ల తొట్టిలో వేస్తారు. నీళ్లలో గూడు మెత్తబడ్డాక చిన్న కుంచెతో రాస్తూ దాని కొసను వెతకాలి. కొస దొరికితే గూడంతా ఒకే దారమై చక్రానికి చుట్టుకుపోతుంది. దొరక్కపోతే గూడు నీళ్లలో దొర్లుతూనే ఉంటుంది. రోజంతా ఆవిరి. పక్క తొట్టి దగ్గరి మనిషి కూడా కలలో మనిషిలా కనిపించేది. ముందు గాజులు కనిపించేవి, తర్వాత చెయ్యి, తర్వాత ముఖం. గూళ్లలో ఉడికే పురుగు వాసనకు మొదట్లో కొంగు ముక్కుకు కట్టుకునేదాన్ని. తర్వాత ఆ వాసన లేని చోట నాకు నిద్ర పట్టేది కాదు.

నా పక్క తొట్టి దగ్గర ఓబులదేవరచెరువునుంచి వచ్చిన ఒకామె ఉండేది. నాకంటే పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లు ఏసుప్రభువును కొలిచేవాళ్లు. మా ఇల్లు గోడనిండా దేవుళ్ల పటాలు ఉండే ఇల్లు. అయినా మా ఇద్దరికీ ఎప్పుడూ మాట పట్టింపు రాలేదు. ఆమె తమ్ముడు బెంగళూరులో పరదేశం వాళ్ల ఇంట్లో పని చేసేవాడు. అతను ఒకసారి ఆమెకు ఒక క్యాసెట్టు పంపించాడు. సాయిబు షెడ్డులో అలమార మీద టేప్‌రికార్డరు ఉండేది. పాట ఉంటే చేతులు ఆగవని ఆయనకు తెలుసు, అందుకే ఏమీ అనేవాడు కాదు.

క్యాసెట్టుకు ఒక వైపు తెలుగులో ఏసు పాటలు. అవి అయిపోయాక తిప్పి వేస్తే ఇంకో వైపు ఒక పిల్ల గొంతు. ఆ గొంతు వినగానే నా చేతిలో కుంచె ఆగిపోయింది. తబలా లేదు, హార్మోనియం లేదు, ఒక్క గిటారు. ఆ పిల్ల గొంతు కూడా గరుకే! పైకి పోయేటప్పుడు మధ్యలో చీలుతుంది. చీలిన చోట దాచుకోకుండా, అక్కడే కాసేపు నిలబడుతుంది. ఏ భాషో తెలియదు. సాయిబు కూతురు ఇంగ్లీషు బడిలో చదివేది, ఆ పిల్లను పిలిచి అడిగాం.

"ఇంగ్లీషు కాదు పెద్దమ్మా" అంది.

"మరి హిందీనా?"

"హిందీ అయితే నాకు తెల్దా?"

అక్క కుంచె పక్కన పెట్టి ఆలోచించింది. "ఇంగేముంటాది" అంది చివరికి. "ఆ పక్క ప్రభువు పాటలుంటే ఈ పక్క గూడా అవే ఉంటాయి. ఇది ఏసుప్రభువు పుట్టిన ఊరి భాషయి ఉంటాది."

మాకందరికీ అది సబబుగానే తోచింది. ఎవరు మాత్రం ఒక క్యాసెట్టుకు ఒక వైపు దేవుణ్ణి, ఇంకో వైపు వేరేవాళ్లను పెడతారు? ఆ రోజునుంచి అది దొరసాని పాట. షెడ్డులో ఎవరికి మనసు బాగా లేకపోయినా "దొరసానిని ఎయ్యండే" అనేవాళ్లం. ఆవిరిలో ఆ గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలిసేది కాదు. ఒక్కోసారి తొట్టిలోంచే వస్తున్నట్టు ఉండేది.

నేను సముద్రం చూడలేదు. అయినా ఆ పాట వస్తే నాకు నీళ్లు కనిపించేవి. అంచు కనిపించని నీళ్లు, వాటి మీద ఆవిరి, ఆ ఆవిరిలో ఒక పిల్ల నడిచి వస్తున్నట్టు.

ఒకరోజు ఆ రాగం మీద నా నోట్లోంచి తెలుగు మాటలు వచ్చాయి. నేను అనుకుని కట్టలేదు. తొట్టిలో ఒక గూడు ఎంత రాసినా కొస ఇవ్వకుండా దొర్లుతోంది, దాన్ని చూస్తూ అన్నాను.

ఉడుకునీళ్లలో దొర్లే గూడును నేను
కొస దొరకదు, నా కొస దొరకదు తండ్రీ
నీ వేలు ఒక్కసారి తాకితే చాలు
నూరు బారల దారమై నీ ఎంట వస్తా

నా చెయ్యి నోటి మీదికి పోలేదు. రెండు చేతులూ నీళ్లలో ఉన్నాయి.

ఆవిరి అవతలినుంచి అక్క అంది: "ఇంగోసారి పాడు."

"ఏంది?"

"ఏంది అంటాదే! ఇప్పుడు పాడినావు గదా, అదే."

ఆ ఆదివారం ఆమె నన్ను వాళ్ల ప్రార్థన ఇంటికి లాక్కుపోయింది. రేకుల కప్పు, చాపలు, ఒక తబలా. వాళ్ల పాస్టరయ్య ధర్మవరం మనిషి, మగ్గాలు నేసే ఇంట్లో పుట్టినవాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "అయ్యా, నేను మీ మతం దాన్ని కాదు. ఇంగ నా బొట్టు సంగతి మీరే చూస్తాండారు" అన్నాను.

"పాట పాడేదానికి బొట్టెందుకు తల్లీ? ముందుకు రా" అన్నాడు.

ముందుకు రమ్మన్నాడు. తలుపు వెనక్కు కాదు. చాపల మధ్యనుంచి నడిచి పోయాను. అందరి ముందూ నిలబడి పాడాను. రేకుల మీద నా గొంతు వాన పడినట్టు మోగింది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం తెరిచే ఉంచాను, ఎవరైనా లేచి నా వైపు వస్తారేమో అని. ఎవరూ రాలేదు.

ఆ పాట నాకంటే ముందు ఊళ్లు తిరిగింది. పెనుకొండ ప్రార్థన సభల్లో పాడాను. అక్కడినుంచి ఎవరో ధర్మవరం తీసుకుపోయారు. మగ్గం మీద ఒక చీరల వరస అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. ఆ పని చేసే ఆడవాళ్ల నోళ్లకు అది పట్టింది. వాళ్లకు నేనెవరో తెలియదు. 'కొస పాట' అంటారని పాస్టరయ్య వచ్చి చెప్పాడు. పెళ్లిళ్లలో నేను కట్టిన మాటలు నావని ఎవరికీ తెలియనప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు మాత్రం నాలో ఏదో పొంగింది. బతికున్నన్నాళ్లూ ఇట్లా ముందు నిలబడి పాడితే చాలు, నాకు ఇంకేమీ వద్దు అనుకున్నాను.

రెండు మూడేళ్లు అట్లా గడిచాయి. ఇళ్లకు కేబుల్ టీవీలు వచ్చాయి. ఒక రంజాను నాడు సాయిబు మమ్మల్నందరినీ సేమ్యా తాగడానికి ఇంటికి పిలిచాడు. ఆయన కూతురు అప్పటికి కాలేజీకి వచ్చింది. టీవీ ముందునుంచి కేక పెట్టింది.

"పెద్దమ్మా! రా, రా! నీ పాట వస్తాంది!"

పోయి చూశాను. ఒక పడుచుపిల్ల. జుట్టంతా గాలికి వదిలేసింది. చుట్టూ చాలామంది ఆడుతున్నారు, పొగ లేస్తోంది, దీపాలు తిరుగుతున్నాయి. రాగం నా పాటదే. పైకి పోయి చీలే చోట గొంతు అట్లాగే చీలింది. ఆ చీలిక దగ్గర నేను ఆ పిల్లను గుర్తుపట్టాను, సొంత చెల్లెల్ని సంతలో గుర్తుపట్టినట్టు.

"ఇప్పుడు ఇంగ్లీషులో గూడా పాడతాది పెద్దమ్మా. లోకమంతా ఈ పిల్ల పాటలే" అని సాయిబు కూతురు కథంతా చెప్పింది. ఏదో పుస్తకంలో చదివిందట. సముద్రం అవతల, ఇంకా అవతల, ఒక చిన్న ఊరు. అమ్మానాన్న రొట్టెలు కాల్చి అమ్మేవాళ్లు. ఈ పిల్ల ఆ పొయ్యిల దగ్గర కూర్చుని చిన్నప్పటినుంచే సొంతంగా పాటలు కట్టుకునేదట. మొదటి పాటలు ఎవరూ కొనలేదు. బస్సుల్లో, ఓడల రేవులో గిటారు పెట్టుకుని పాడేదట. తర్వాత వాళ్ల దేశం విన్నది, చుట్టూ ఉన్న దేశాలు విన్నాయి. ఇప్పుడు ఆ పిల్ల విమానం దిగితే జనాన్ని ఆపలేకపోతున్నారట. మా క్యాసెట్టులో ఉన్నది ఎవరికీ తెలియనప్పటి పాట, దాన్నే ఇప్పుడు మళ్లీ పాడిందట.

"దేవుని పాటేనా?" అని అడిగాను.

ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. "దేవుడేంది పెద్దమ్మా! ఓ పిల్లోడు ఇడిచిపెట్టి పోతే రాసుకున్న పాట."

ఇంటికి నడుస్తూ అక్కకు చెప్పాను. ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది. "అయితే ప్రభువు ఊరి పిల్ల కాదంటావా?"

"రొట్టెలు కాల్చేవాళ్ల బిడ్డంట."

అక్క తేలిగ్గా ఊపిరి వదిలింది. "రొట్టెలా? రొట్టెలైతే ప్రభువు గూడా పంచినాడు లే. నువ్వు గమ్మునుండు."

కానీ నాకు ఆ మాట సరిపోలేదు. వచ్చే వారమే ధర్మవరంలో పాస్టరయ్య సొంత వీధిలో సభ. ఆ వీధి వాళ్లు నన్ను చూడాలని కబురు పెట్టారు. ఈ సంగతి బయటపడితే నన్ను మళ్లీ తలుపు వెనక్కు పంపిస్తారు. నాకు అదొక్కటే భయం. ఆ పిల్ల మీద మాత్రం కోపం రాలేదు. ఇంట్లో పడుకుని ఆ పిల్ల గురించే అనుకునేదాన్ని. రొట్టెల పొయ్యి దగ్గర కూడా ఇట్లాగే ఆవిరి ఉంటుందా? అక్కడ కూడా ముందు గాజులు కనిపించి, తర్వాత ముఖం కనిపిస్తుందా?

పాసింజరు రైలెక్కి అందరం ధర్మవరం పోయాం. పెనుకొండ దగ్గర రైలు ఆగితే కొండ మీద పాతకోట గోడలు మంచులో తేలుతున్నాయి. నేను చిన్నప్పుడు పాడిన చేలు ఆ కింద ఎక్కడో ఉన్నాయి. కిటికీ కమ్మికి తల ఆనించి పాట లోపల్లోపలే పాడుకున్నాను. రైలు చక్రాలు దానికి తాళం వేశాయి. ఇదే ఆఖరిసారేమో అనిపించింది.

ధర్మవరంలో దిగి మగ్గాల వీధికి నడుస్తుంటే, మూలన టీ కొట్టులో టీవీ మోగుతోంది. అదే రాగం. కొట్టు ముందు ఆడుకుంటున్న పిల్లలు ఆ వీధిలో ప్రార్థనకు పోయే పిల్లలే. అందులో ఒక చిన్నపిల్ల రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని టీవీ మీద కేకలేస్తోంది.

"ఓ దొరసానీ! ఇది మా కొస పాట! ఎందుకు ఎత్తుకపోయినావు?"

టీ కొట్టు మగవాళ్లు పడి పడి నవ్వారు. "ఎత్తుకపోయింది ఆ పాపనా, మీ పాస్టరయ్యనా?" అన్నాడొకడు. పాస్టరయ్య నా ముందే నడుస్తున్నాడు. ఆయన మెడ వెనకభాగం ఎర్రబడటం నేను చూశాను. వెనక్కి తిరగలేదు.

సభకు ముందు నన్ను పందిరి పక్కకు పిలిచాడు. "మాటలు నీవి, బంగారంగా ఉండాయి తల్లీ. రాగం మాత్రం బజార్లో మోగతాంది. రాగం మార్చి పాడు" అన్నాడు.

మార్చి చూశాను. తబలా కొట్టే ఆయన పాపం ఎన్ని రకాలుగానో కొట్టి చూశాడు. తెలిసిన ఏసు పాటల రాగాలన్నీ ఆ మాటలకు తొడిగాం. 'నూరు బారల' దగ్గరికి వచ్చేసరికి తెగిపోయేది. దారం తెగాక కూడా చక్రం ఉత్తగా తిరుగుతుంది చూడండి, అట్లా నా నోరు ఉత్తగా తిరిగింది. ఆ మాట పైకి పోయి చీలాలి. చీలడానికి వేరే రాగాల్లో చోటు లేదు.

పాస్టరయ్య నన్ను చూసి మెల్లగా అన్నాడు: "అట్లయితే ఈసారికి వద్దు లేమ్మా."

అదే మెత్తదనం. నా పెదాల మీద పసుపు చేదు మళ్లీ తగిలింది.

పందిట్లో ఆడవాళ్ల చాపల మీద చిట్టచివర కూర్చున్నాను. అక్క నా పక్కనే కూర్చుంది. రెండు పాటలయ్యాయి, వాక్యం చదివి చెప్పడం అయింది. పాస్టరయ్య ముగింపు పాట పేరు చెప్పబోతుంటే, ముందు వరసలోనుంచి ఒక ముసలవ్వ కర్ర ఆనించుకుని లేచింది.

"అయ్యా, కొస పాట ఏదయ్యా? ఆయమ్మ వచ్చిండాదన్నారే?"

"ఈసారికి లేదవ్వా, కూర్చో."

"లేదంటే ఎట్లప్పా? ఈ కుంటికాలు ఈడ్చుకుంటా నీ ప్రసంగం ఇనేదానికి వచ్చినాననుకున్నావా?"

పందిరంతా గొల్లుమంది. పాస్టరయ్య కూడా నవ్వు ఆపుకోలేక పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అవ్వ ఇంక ఎవరినీ అడగలేదు. తానే ఎత్తుకుంది. శ్రుతి లేదు, పళ్లు లేవు, మాటల్లో సగం గాలి. "ఉడుకునీళ్లలో..." అంది. పక్కనున్న ఆమె అందుకుంది. తర్వాత ఆ వెనకామె. వాళ్లంతా పోగులు అతికే చేతులవాళ్లు. పాట పాడుతూ వాళ్ల బొటనవేలూ చూపుడువేలూ ఉత్త గాలిలో మెలిపెడుతున్నాయి, వాళ్లకు తెలియకుండానే.

పాట చాప తర్వాత చాప దాటి నా వైపు వస్తోంది. నా చెయ్యి దానంతట అది లేచి నా నోటి మీద పడింది.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "తియ్యి" అంది. నేను తియ్యలేదు. "తియ్యే! నీ పాట నీ ఇంటికొస్తాంటే తలుపేసుకుంటావా?" అని చెయ్యి గట్టిగా గుంజి, తన ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది.

'నూరు బారల' దగ్గర అందరి గొంతులూ కింద ఆగిపోయాయి. ఆ ఎత్తు వాళ్లకు అందదు. అక్కడ ఒక్క క్షణం ఖాళీ. ఆ ఖాళీలోకి నా గొంతు పోయింది, కూర్చున్న చోటినుంచే. పోయి, చీలింది. చీలిన చోట ఆ పిల్ల నిలబడినట్టే నేనూ కాసేపు నిలబడ్డాను. ముందు వరసల వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. వెనకున్న చాప ముందుకు వచ్చినట్టయింది.

పాస్టరయ్య తలొంచుకుని ఉన్నాడు. కానీ ఆయన కుడికాలు నేల మీద ఆడుతోంది, మగ్గం తొక్కినట్టు.

బయలుదేరేటప్పుడు నా దగ్గరికి వచ్చి అన్నాడు: "టీ కొట్టోళ్లతో తర్వాత మాట్లాడుకుంటాలే తల్లీ. పెనుకొండ సభకు ముందే రా. ఆ అవ్వను మాత్రం పిలవద్దు."

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పాడాను. అక్క పోయింది, షెడ్డు మూతపడింది, క్యాసెట్టు చివరికి అరిగి, ఆ పిల్ల గొంతు నీళ్లలో మునిగినట్టు వినిపించేది. ఇది చెప్తుంటే రాస్తున్న మా తాడిమర్రి అక్క మనవరాలు, ఆ దొరసాని పాటలు ఇప్పుడే వినిపిస్తానంటుంది. వద్దన్నాను. నాకు వినిపిస్తూనే ఉంటుంది.

ఆ రంజాను తర్వాత ఇంకొక్కసారి మాత్రం టీవీలో చూశాను. కందిపప్పులో రాళ్లు ఏరుతూ తలెత్తితే ఆ పిల్ల కనిపించింది. ఎక్కడో పెద్ద మైదానం, పొలంలో పైరు కదిలినట్టు జనం. మా రాగమే. పైకి పోయే చోటు వచ్చేసరికి ఆ పిల్ల పాడటం ఆపేసి, మైకు జనం వైపు చాపింది. అంతమందీ ఒక్కసారి ఎత్తుకున్నారు. ఆ పిల్ల ఊరికే వింటూ నిలబడింది. ఒంటరిగా, చెమటతో, చుట్టూ పొగ, మా షెడ్డులో ఆవిరిలాగా. ముఖం మీద ఒక వింత నవ్వు. ధర్మవరం పందిట్లో పాట నా వైపు వస్తున్నప్పుడు నా ముఖం కూడా అట్లాగే ఉండి ఉంటుంది. చేటలో పప్పు వదిలేసి చూస్తూ ఉండిపోయాను. ఆ పిల్ల ఒక్క మాట కూడా పాడటం లేదు. అయినా ఆమె నోటి మీద ఎవరి చెయ్యీ లేదు.